అల్హెసీరాస్ ముట్టడి ఖాతా

సభాధ్యక్షులకు, ఇక్కడికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది 1342 ఆగస్టు 3న మొదలై 1344 మార్చి 26న ముగిసిన, అంటే దాదాపు ఇరవై నెలలు సాగిన ఒక ముట్టడి గురించి. ముట్టడించినవాడు నేటి స్పెయిన్‌లోని క్రైస్తవ రాజ్యం కాస్టీల్‌ను ఏలిన రాజు పదకొండవ అల్ఫోన్సో. ముట్టడికి గురైనది స్పెయిన్ దక్షిణపు కొసన, జిబ్రాల్టర్ కొండకు ఎదురుగా, అఖాతానికి పడమటి ఒడ్డున ఉన్న అల్హెసీరాస్ పట్టణం. దాన్ని కాపాడే బాధ్యత ఇద్దరు ముస్లిం పాలకులది. ఒకరు స్పెయిన్ దక్షిణాన ఉన్న ముస్లిం రాజ్యం గ్రనాడా సుల్తాన్ మొదటి యూసుఫ్, మరొకరు సముద్రానికి ఆవల మొరాకోను ఏలుతున్న మరీనిద్ వంశపు సుల్తాన్ అబూ అల్-హసన్.

ఐబీరియాలో, అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలో, క్రైస్తవులకూ ముస్లింలకూ జరిగిన యుద్ధాలంటే మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి కత్తులు, జెండాలు, మతావేశం. అవన్నీ ఈ కథలోనూ ఉన్నాయి. అయితే ఈ ముట్టడి వృత్తాంతాన్ని చదివిన ప్రతిసారీ నాకు ఖజానా దగ్గర కూర్చున్న కరణం ముఖమే కళ్ళ ముందు మెదులుతుంది. ఓడల అద్దె ఎంత, గుర్రాల మేతకు ఎంత, ఎవరి జీతం ఎన్ని నెలలుగా బాకీ ఉంది, ఎవరి దగ్గర అప్పు పుడుతుంది అన్న ప్రశ్నలకు జవాబు దొరికినంత కాలమే ఆ ముట్టడి నిలిచింది. అదే పట్టణం మీద అంతకు ముందు జరిగిన రెండు ముట్టడులు జవాబు దొరకకే విఫలమయ్యాయి. కాబట్టి ఈ కథను నేను ఖర్చు వైపు నుంచి చెబుతాను.

ముందు ఆ చోటు సంగతి. 711లో ముస్లిం సేనలు ఆఫ్రికా నుంచి జిబ్రాల్టర్ జలసంధి దాటి ఐబీరియాలో అడుగుపెట్టినప్పుడు తొలి రోజుల్లోనే స్థిరపడిన ఊళ్ళలో ఇది ఒకటి. అరబ్బులు దానికి పెట్టిన పేరు అల్-జజీరా అల్-ఖద్రా, అంటే పచ్చని దీవి. రేవుకు ఎదురుగా ఉన్న చిన్న దీవిని బట్టి ఆ పేరు వచ్చింది. ఈనాటి వార్తా ఛానల్ పేరులో ఉన్న జజీరా కూడా ఈ మాటే. స్పానిష్ నోళ్ళలో నలిగి అది అల్హెసీరాస్ అయింది. జలసంధి అతి ఇరుకైన చోట వెడల్పు 14 కిలోమీటర్లే. ఎదుటి ఒడ్డున స్యూటా రేవు ఉంది. ఆఫ్రికా నుంచి సైన్యం దిగాలన్నా, గ్రనాడాకు గోధుమలు రావాలన్నా తరీఫా, అల్హెసీరాస్, జిబ్రాల్టర్ అనే మూడు రేవులే దగ్గరి దారి. తరీఫాను కాస్టీల్ 1292లోనే పట్టుకుంది. జిబ్రాల్టర్‌ను 1309లో గెలిచి, 1333లో పోగొట్టుకుంది. అల్హెసీరాస్ మాత్రం ఎన్నడూ లొంగలేదు.

ఇది నిజానికి ఒక ఊరు కాదు, పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళు. మధ్యలో ఒక చిన్న ఏరు పారుతుంది. దాని పేరు రియో దె లా మియెల్, తేనె ఏరు. ఏటికి ఒక ఒడ్డున పాత పట్టణం, రెండో ఒడ్డున మరీనిద్ పాలకులు పదమూడో శతాబ్దం చివర సైన్యం కోసం కట్టించిన కొత్త పట్టణం. రెండింటికీ వేర్వేరు గోడలు, వేర్వేరు అగడ్తలు. ఒకటి పడినా రెండోది నిలవగలదు. కొత్త పట్టణం పుట్టుకకు కారణం కూడా ఒక విఫలమైన ముట్టడే కాబట్టి, ఆ సంగతి కొంచెం చెప్పాలి.

1278లో కాస్టీల్ రాజు పదవ అల్ఫోన్సో, అంటే మన కథానాయకుడి ముత్తాత, అల్హెసీరాస్‌ను సముద్రం వైపు నుంచీ భూమి వైపు నుంచీ చుట్టుముట్టాడు. ఓడలలోని మనుషులకు నెలల తరబడి జీతాలు అందలేదు, సరైన తిండి లేదు, రోగాలు పట్టుకున్నాయి. 1279 వేసవిలో మొరాకో ఓడలు వచ్చి పడేసరికి కాస్టీల్ నౌకాదళం పోరాడే స్థితిలో లేదు. అది నాశనమైంది, ముట్టడి ఎత్తివేయవలసి వచ్చింది. జీతాలకు వెళ్ళవలసిన డబ్బు ఏమైంది? పన్నుల వసూలు బాధ్యత చూస్తున్న యూదు అధికారి చాగ్ దె లా మలేహా దగ్గర నుంచి దాన్ని యువరాజు సాంచో తీసుకుని, భర్తతో విభేదించి పొరుగు రాజ్యం అరగాన్‌లో ఉన్న తన తల్లి అవసరాలకు పంపాడు. రాజు యువరాజును ఏమీ చేయలేక, ఆ వసూలు అధికారికి మరణశిక్ష వేశాడు. యువరాజు చేసిన ఖర్చుకు గుమాస్తా తల పోయిందన్నమాట. ఆ ముట్టడి మిగిల్చిన అనుభవంతోనే మరీనిద్‌లు ఏటికి రెండో పక్క కొత్త పట్టణం కట్టారు.

రెండో ప్రయత్నం 1309లో నాలుగవ ఫెర్నాండో చేశాడు. ఈసారి శిబిరాన్ని బలహీనపరచింది సొంత ప్రభువులే. రాజు బాబాయి హువాన్, దగ్గర బంధువు దోన్ హువాన్ మాన్యుయెల్ జీతం బాకీలు పడ్డాయన్న ఫిర్యాదుతో వందలాది గుర్రపు వీరులను వెంటబెట్టుకుని శిబిరం విడిచి వెళ్ళిపోయారు. 1310 జనవరిలో మరో పెద్ద ప్రభువు, బిస్కే అధిపతి దియేగో లోపెస్ దె హారో శిబిరంలోనే జబ్బుపడి చనిపోయాడు. చివరకు రాజు గ్రనాడా ఇచ్చిన 50,000 బంగారు దోబ్లాలూ రెండు సరిహద్దు ఊళ్ళూ తీసుకుని ముట్టడి ఎత్తేశాడు. దోన్ హువాన్ మాన్యుయెల్ పేరు గుర్తుంచుకోండి, ఆయన మళ్ళీ వస్తాడు.

1333లో జిబ్రాల్టర్ చేజారడం వెనక కూడా ఇలాంటి కథే ఉంది. కోట అధిపతి వాస్కో పేరెస్ దె మెయిరా కోటకు ధాన్యం కొనవలసిన డబ్బును తన సొంతానికి భూములు కొనడానికి వాడుకున్నాడని, అందువల్లే అబూ అల్-హసన్ కొడుకు అబ్ద్ అల్-మాలిక్ ముట్టడించినప్పుడు లోపల తిండి లేక కోటను అప్పగించవలసి వచ్చిందని కాస్టీల్ వారి ఆరోపణ. కోట అప్పగించాక ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు, ఆఫ్రికాకు వెళ్ళిపోయాడు. ఆరోపణలో ఎంత బలముందో ఆ ప్రయాణమే కొంతవరకు చెబుతుంది.

ఇక పదకొండవ అల్ఫోన్సో దగ్గరికి వద్దాం. పసితనంలోనే కిరీటం ధరించి, సింహాసనం చుట్టూ కొట్టుకునే బంధువుల మధ్య పెరిగి, పెద్దయ్యాక వాళ్ళలో కొందరిని చంపించి, కొందరిని లొంగదీసుకున్న మొండి మనిషి. 1340 వసంతంలో ఆయన నౌకాధిపతి అల్ఫోన్సో హోఫ్రె తెనోరియో జలసంధిలో మరీనిద్ ఓడలతో తలపడి ప్రాణం పోగొట్టుకున్నాడు, కాస్టీల్ గ్యాలీలు దాదాపు అన్నీ పోయాయి. అబూ అల్-హసన్ సైన్యంతో జలసంధి దాటి వచ్చి తరీఫాను ముట్టడించాడు. ఆ ఏడాది అక్టోబరు 30న సలాదో ఏటి ఒడ్డున అల్ఫోన్సో, పోర్చుగల్ రాజు నాలుగవ అఫోన్సో కలిసి మొరాకో, గ్రనాడా సైన్యాలను ఓడించారు. దోపిడిలో దొరికిన బంగారం ఎంతంటే పారిస్, అవిన్యోన్, బార్సెలోనా వంటి నగరాల్లో బంగారం ధర ఆరో వంతు పడిపోయిందని కాస్టీల్ చరిత్రకారుడు రాశాడు. గెలిచినవారి వైపు రాసినవాడు కొంత పెంచి ఉంటాడని అనుకున్నా, అది పెద్ద మొత్తమే. అయినా రెండేళ్ళు తిరగకముందే రాజు చేతిలో డబ్బు లేదు. యుద్ధంలో వచ్చిన బంగారం యుద్ధంలో అప్పులిచ్చిన వారికే పోవడం ఆ కాలంలో మామూలు.

సలాదో విజయం నేల మీద వచ్చింది. సముద్రం మీద కాస్టీల్‌కు ఇంకా సొంత బలం లేదు. గ్యాలీ అంటే తెడ్లతో నడిచే సన్నని పొడవాటి యుద్ధనౌక. ఒక్కొక్కదానికి వంద, నూటయాభై మంది తెడ్లవాళ్ళు కావాలి. అంతమందికి చాలినంత మంచినీళ్ళు, రొట్టెలు ఓడలో కొద్ది రోజులకే సరిపోతాయి. అందుకే దగ్గరలో రేవు ఉండాలి, ఒడ్డున కొట్టు ఉండాలి, జీతాలు ఆగకూడదు. ఇటువంటి ఓడలను నెలవారీగా అద్దెకిచ్చే వ్యాపారంలో ఇటలీ రేవు నగరం జెనోవా వాళ్ళను మించినవారు లేరు. అల్ఫోన్సో వాళ్ళతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. పదిహేను గ్యాలీలు, ఒక్కొక్కదానికి నెలకు 800 బంగారు ఫ్లోరిన్లు, నౌకాధిపతి ఎక్కే గ్యాలీకి 1,500. నౌకాధిపతి ఎజీదియో బొక్కనేగ్రా. జెనోవా గణతంత్రానికి మొదటి డోజ్‌గా, అంటే అధినేతగా, ఎన్నికైన సిమోనె బొక్కనేగ్రాకు స్వయానా తోబుట్టువు. లెక్క వేసుకుంటే జెనోవా అద్దె ఒక్కటే నెలకు 12,000 ఫ్లోరిన్ల పైమాట. ఈ అంకెను మీరు మనసులో ఉంచుకుంటే తరువాత వచ్చే అంకెలన్నిటికీ అర్థం తెలుస్తుంది. వీటికి తోడు అరగాన్, పోర్చుగల్ రాజులు పంపిన ఓడలు కొన్ని వచ్చాయి. కానీ అవి వస్తూ పోతూ ఉండేవి. అరగాన్ రాజు నాలుగవ పెరెకు అప్పుడే మజోర్కా మీద సొంత యుద్ధం ఉంది. తన ఓడలు తనకు కావలసి వచ్చినప్పుడు ఆయన కాస్టీల్ అవసరాన్ని చూడలేదు.

ఇంత డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? 1342లో బుర్గోస్‌లోనూ తరువాత ఇతర నగరాల్లోనూ రాజు ప్రజాప్రతినిధులను, మతాధికారులను, ప్రభువులను సమావేశపరచి ఒక కోరిక కోరాడు. అమ్మకం జరిగిన ప్రతి వస్తువు ధరలో ఇరవయ్యో వంతు, అంటే నూటికి ఐదు, రాజుకు చెల్లించాలి. ముట్టడి జరిగినంత కాలమే ఈ పన్ను అని మాట ఇచ్చాడు. దాని పేరు అల్కబాలా. ఇది అరబిక్ మాట, అల్-ఖబాలా నుంచి వచ్చింది. ఒప్పుకోవడం అనే అర్థమున్న ధాతువు అది. మన రెవెన్యూ రికార్డుల్లో కనిపించే కబూలియత్, మాట్లాడేటప్పుడు వాడే కబూలు అన్నవీ ఆ ధాతువు నుంచి పుట్టినవే. అరబిక్ మాట్లాడే పట్టణాన్ని పట్టుకోవడానికి వేసిన పన్నుకు అరబిక్ పేరే ఉండడం ఆనాటి కాస్టీల్ వాళ్ళకు వింతగా అనిపించలేదు. శతాబ్దాలుగా ఇరుగుపొరుగున బతికిన సమాజాల్లో పన్నుల మాటలు ఇలాగే గోడలు దాటుతాయి. అంతకు ముందు కూడా కొన్ని ఊళ్ళలో స్థానికంగా అల్కబాలా ఉండేది. రాజ్యమంతటా, ప్రభువుల నుంచి కూడా వసూలు చేయడమే ఇప్పటి కొత్తదనం.

ఆగస్టు మొదట్లో రాజు అల్హెసీరాస్ ముందు దిగినప్పుడు ఆయన వెంట ఉన్నది కొన్ని వేల మంది మాత్రమే. అంత చిన్న బలగంతో రెండు కోటల చుట్టూ వలయం పూర్తి చేయడం సాధ్యం కాదు. మొదటి నెలలు కందకాలు తవ్వడంలో, కొయ్య కట్టడాలు లేపడంలో, పట్టణంలోని రౌతులు ఆకస్మికంగా తలుపులు తెరుచుకుని వచ్చి పడితే వాటిని తిప్పికొట్టడంలో గడిచాయి. శరదృతువులో వానలు పట్టుకున్నాయి. శిబిరం బురదగుంటయింది, గుడారాలు కుళ్ళాయి, జ్వరాలు వచ్చాయి. రాజు అక్కడే ఉన్నాడు. ముత్తాత సెవిల్లాలో కూర్చుని ముట్టడి నడిపించాడు, మునిమనవడు బురదలో కూర్చుని నడిపించాడు. ఈ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే జీతం బాకీ పడిన సైనికుడు తన ఎదుట రాజు కూడా అదే రొట్టె తింటూ కనిపిస్తే ఇంకో నెల ఓపిక పడతాడు, రాజు దూరాన రాజభవనంలో ఉన్నాడని తెలిస్తే పట్టడు.

రాళ్ళు విసిరే పెద్ద యంత్రాలు రెండు పక్షాల దగ్గరా ఉన్నాయి. కాస్టీల్ వాళ్ళు గోడల దగ్గరికి తోసుకువచ్చిన కొయ్య గోపురాలను లోపలివాళ్ళు తగలబెట్టారు. అయితే లోపలివాళ్ళ దగ్గర మరొకటి కూడా ఉంది. దాన్ని చూసి కాస్టీల్ చరిత్రకారుడికి సరైన పేరు దొరకక "ఉరుములు" అన్నాడు. ఈ చరిత్రను రాజాస్థానంలో పెద్ద పదవిలో ఉన్న ఫెర్నాన్ సాంచెస్ దె వయ్యదోలిద్ రాశాడని పండితుల అభిప్రాయం. ఆ ఉరుముల నుంచి పెద్ద ఆపిల్ పండంత ఇనుప గుండ్లు వచ్చేవట. అవి కొన్నిసార్లు శిబిరాన్ని దాటుకుని ఆవల పడేవి. మనిషి కాలికో చేతికో తగిలితే కత్తితో నరికినట్టు తెగిపోయేది. గాయపడినవాడు వైద్యం చేసినా బతికేవాడు కాదు, దానికి కారణం గుండును తోసే ఆ పొడిలోని గుణమేనని ఆయన నమ్మాడు. గాయంలో చీము పట్టడాన్ని ఆయన విషంగా అర్థం చేసుకుని ఉంటాడు. తుపాకిమందుతో గుండు పేల్చే ఆయుధాల గురించి యూరప్‌లో మిగిలిన తొలినాటి స్పష్టమైన వర్ణనల్లో ఇది ఒకటి. దాన్ని వాడినవారు ముస్లింలు, దాని దెబ్బ తిని రాసినవారు క్రైస్తవులు. సాంకేతిక విద్య ఆ రోజుల్లో ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు నడుస్తుండేదో దీన్ని బట్టి ఊహించవచ్చు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఉరుములు మనుషులను చంపాయి, భయపెట్టాయి, కానీ ముట్టడి గతిని మార్చలేదు. లోపల పొడి ఉంది, ఇనుము ఉంది. తక్కువైంది పిండి.

పిండి సముద్రం మీదుగానే రావాలి. జిబ్రాల్టర్ అప్పటికి మరీనిద్‌ల చేతిలోనే ఉంది. చీకటి రాత్రుల్లో, గాలి బలంగా ఉన్నప్పుడు, చిన్న చిన్న పడవలు గ్యాలీల సందుల్లోంచి దూరి రేవుకు చేరేవి. పెద్ద ఓడను పట్టుకోవడం సులువు, లోతు తక్కువైన నీళ్ళలో ఒడ్డు వెంట జారిపోయే పడవను పట్టుకోవడం కష్టం. ఈ పడవలు ఆగకపోతే ముట్టడి ఏళ్ళు గడిచినా తేలదని రాజుకు తెలిసింది. పెద్ద దుంగలను గొలుసులతో కలిపి సముద్రం మీద అడ్డుకట్ట వేయించాడు. తుఫాను వచ్చి దాన్ని తెంచేసింది. తెగిన దుంగలు అలల మీద కొట్టుకుపోయి పట్టణం ఒడ్డుకే చేరాయని, లోపలివాళ్ళకు అవి వంటచెరకుగా పనికొచ్చాయని అంటారు. ఆ దుంగలు శిబిరం చేతికి రావడానికి రాజు ఎంత ఖర్చు పెట్టాడో తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ కలుగుతుంది. రాజు మళ్ళీ వేయించాడు. చివరి నెలల్లో పీపాలను తాళ్ళతో కట్టి నీళ్ళ మీద వరుసగా నిలిపే దాకా ఈ ప్రయత్నం సాగింది.

1343 వేసవికి ముట్టడి వార్త యూరప్ అంతటా పాకింది. ఇంగ్లండ్ నుంచి డెర్బీ ఎర్ల్ హెన్రీ, సాలిస్‌బరీ ఎర్ల్ విలియం మాంటెగ్యూ వచ్చారు. ఫ్వా కౌంట్ గస్తోన్ వచ్చాడు. నవార్రె రాజు మూడవ ఫిలిప్ మనుషులతోనూ తిండిగింజలతోనూ వచ్చాడు. పవిత్ర యుద్ధంలో పాలుపంచుకోవాలన్న కోరిక వాళ్ళకు నిజంగానే ఉండి ఉంటుంది. కానీ అప్పటికే ఫ్రాన్స్, ఇంగ్లండ్‌ల మధ్య నూరేళ్ళ యుద్ధం మొదలై ఆరేళ్ళయింది. కాస్టీల్‌కు ఉన్న ఓడలు, ఉన్ని, స్నేహం రెండు పక్షాలకూ కావాలి. ఇంగ్లిష్ ప్రభువులు తమ రాజు తరఫున మాటలు కదపడానికి కూడా వచ్చారు. వచ్చిన విదేశీయులందరూ శిబిరానికి లాభమే అయ్యారనీ చెప్పలేం. ఫ్వా కౌంట్ తన మనుషుల జీతం విషయంలో రాజుతో తగవు పెట్టుకుని వెళ్ళిపోయి, దారిలో సెవిల్లాలో జబ్బుపడి చనిపోయాడు. నవార్రె ఫిలిప్ కూడా జ్వరం తగిలి ఆ సెప్టెంబరులోనే హెరెస్‌లో కన్నుమూశాడు.

ఆ వేసవి చివర రోజులే ముట్టడికి అతి గడ్డుకాలం. శిబిరంలో నిప్పు అంటుకుని నిల్వ ధాన్యం కాలిపోయింది. గుర్రాలకు మేత లేదు. అల్కబాలా డబ్బు వస్తున్నా, వచ్చింది వచ్చినట్టే పోతోంది. రాజు అప్పు కోసం నాలుగు దిక్కులకూ మనుషులను పంపాడు. టొలీడో ఆర్చిబిషప్ గిల్ దె అల్బొర్నోస్ ఫ్రాన్స్ రాజు ఆరవ ఫిలిప్ దగ్గరికి వెళ్ళాడు. అవిన్యోన్‌లో ఉన్న పోప్ ఆరవ క్లెమెంట్ దగ్గరికి మరొకరు వెళ్ళారు. ఫ్రాన్స్ రాజు 50,000 ఫ్లోరిన్లు, పోప్ 20,000 ఫ్లోరిన్లు ఇచ్చారు. ఇంగ్లిష్ ఎర్ల్‌లు శిబిరంలో ఉండగా ఫ్రాన్స్ రాజు అంత ధారాళంగా ఇవ్వడంలో ఉన్న లెక్క మీకు నేను విప్పి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఇందాకటి అంకెను గుర్తు చేసుకోండి. 50,000 ఫ్లోరిన్లంటే జెనోవా గ్యాలీలకు సుమారు నాలుగు నెలల అద్దె. ఆ సమయానికి జెనోవా వాళ్ళకు నెలల బాకీ ఉంది. ఇవ్వకపోతే వెళ్ళిపోతామని వాళ్ళు బెదిరించారు. వెళ్ళిపోతే ముట్టడి ముగిసినట్టే. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. వాళ్ళు ఊరికే ఇంటికి పోక, ఎదుటి ఒడ్డున ఉన్న మరీనిద్‌ల కొలువులో చేరవచ్చు. ఈ సందర్భంలో చరిత్రకారుడు జెనోవా వాళ్ళ గురించి ఒక మాట రాశాడు. డబ్బు ఇచ్చినవాడికి సాయపడటమే వాళ్ళ అలవాటని, ఆ విషయంలో వాళ్ళు క్రైస్తవ ధర్మాన్నీ చూడరని, ఈ లోకంలోని మరే మంచినీ చూడరని దాని సారాంశం. పవిత్ర యుద్ధం చేస్తున్న సైన్యం తరఫున, ఆ సైన్యానికి ప్రాణవాయువులాంటి మిత్రుల గురించి రాసిన మాట ఇది. రాజు ఉన్నదంతా ఊడ్చి ముందు వాళ్ళ బాకీ తీర్చాడు. సొంత సైనికులు ఆగారు, సొంత ప్రభువులు ఆగారు. జెనోవా వాళ్ళు ఆగలేదు, ఆగనక్కరలేదు కూడా.

అటువైపు యూసుఫ్ పరిస్థితి మరీ చిక్కు. ముప్పై ఏళ్ళయినా నిండని యువకుడు. తన రాజ్యానికీ ఆఫ్రికాకూ మధ్య ఉన్న వంతెన తెగిపోతోంది. అబూ అల్-హసన్‌కు సలాదోలో తగిలిన దెబ్బ ఇంకా మానలేదు, ఇంట్లోనూ చికాకులున్నాయి. యూసుఫ్ మొదట డబ్బుతోనే బేరం పెట్టాడు. ముట్టడి ఎత్తేస్తే బంగారం ఇస్తాననీ, సామంతుడిగా ఉంటాననీ కబురు పెట్టాడు. 1310లో ఫెర్నాండో ఇటువంటి బేరానికే ఒప్పుకున్నాడు కదా. అల్ఫోన్సో వెంటనే కాదనలేదు. బంగారం తెచ్చేందుకు యూసుఫ్ స్వయంగా సముద్రం దాటి వెళ్ళి రావడానికి అభయపత్రం కూడా ఇచ్చాడు. యూసుఫ్ స్యూటాకు వెళ్ళి తిరిగి వస్తుండగా, బొక్కనేగ్రా బంధువు నడుపుతున్న జెనోవా గ్యాలీ ఒకటి ఆ బంగారం కోసం సుల్తాన్ ఓడ మీద పడింది. సుల్తాన్ తప్పించుకున్నాడు. అభయమిచ్చిన రాజుకు తల కొట్టేసినట్టయింది. శత్రువుకు తాను ఇచ్చిన మాటను తన జీతగాడే భంగం చేశాడు. అయినా ఆ జీతగాడిని గట్టిగా శిక్షించే స్థితిలో ఆయన లేడు, ఎందుకంటే గ్యాలీలు ఇంకా కావాలి.

బేరం తెగలేదు కాబట్టి మిగిలింది యుద్ధమే. 1343 డిసెంబరు 12న, అల్హెసీరాస్‌కు ఉత్తరాన అఖాతంలో కలిసే పాల్మోనెస్ ఏటి దగ్గర గ్రనాడా, మొరాకో సేనలు కాస్టీల్ సైన్యంతో తలపడ్డాయి. ముట్టడిని బయటి నుంచి ఛేదించడానికి చేసిన పెద్ద ప్రయత్నం అదే. అది ఓటమితో ముగిసింది. యుద్ధవర్ణన మీద నేను ఎక్కువసేపు ఉండను. ఆ రోజు జరిగినదానికన్నా ఆ తరువాత మూడు నెలలు పట్టణం లోపల జరిగినదే ముఖ్యం. పడవల రాకపోకలు దాదాపు నిలిచిపోయాయి. ఆకలి పెరిగింది. బయట ఎంతమంది చనిపోయారో, ఎవరెవరు చనిపోయారో పేర్లతో సహా చరిత్రకారుడు రాశాడు. లోపల ఆకలితో పోయినవారికి పేర్లు లేవు.

1344 మార్చిలో యూసుఫ్ రాయబారులు పట్టణం అప్పగిస్తామన్న మాటతో వచ్చారు. షరతులు ఇవి. లోపలివాళ్ళు తమ కదిలే ఆస్తితో సురక్షితంగా వెళ్ళిపోవచ్చు. పదేళ్ళ సంధి. గ్రనాడా సుల్తాన్ కాస్టీల్ రాజుకు సామంతుడై ఏటా 12,000 బంగారు దోబ్లాలు చెల్లించాలి. రాజు సలహాదారుల్లో కొందరు ఈ షరతులు వద్దనీ, ఇంకొన్నాళ్ళు ఆగితే పట్టణాన్ని బలంగా చొరబడి దోచుకోవచ్చనీ అన్నారు. ఇరవై నెలలు ఎదురుచూసిన సైన్యానికి దోపిడి దక్కకపోవడం చిన్న నిరాశ కాదు. అల్ఫోన్సో సంధికే మొగ్గాడు. ఇంకో నెల అంటే ఇంకో నెల అద్దె అని ఆయనకు బాగా తెలుసు. ఇక్కడ కూడా చిన్న లెక్క ఉంది. దోబ్లా బరువు సుమారు నాలుగున్నర గ్రాముల బంగారం, ఫ్లోరిన్ సుమారు మూడున్నర గ్రాములు. గ్రనాడా ఏడాది పొడవునా చెల్లించే కప్పం మొత్తం జెనోవా గ్యాలీలకు నెల మీద మరికొన్ని రోజుల అద్దెకు సరిపోతుంది, అంతే.

మార్చి 26న కొత్త పట్టణం వాళ్ళు ఏరు దాటి పాత పట్టణానికి చేరారు. ఖాళీ అయిన కొత్త పట్టణాన్ని స్వాధీనం చేసుకునే గౌరవాన్ని రాజు ఎవరికిచ్చాడో తెలుసా? దోన్ హువాన్ మాన్యుయెల్‌కు. ముప్పై నాలుగేళ్ళ కింద ఇదే గోడల ముందు నుంచి జీతం రాలేదని లేచిపోయినవాడు, మధ్యలో ఇదే పదకొండవ అల్ఫోన్సోతో తగవు పడి గ్రనాడా సుల్తాన్‌తో చేతులు కలిపినవాడు, ఇప్పుడు అరవై దాటిన వయసులో కాస్టీల్ జెండా పట్టుకుని అదే పట్టణంలో అడుగుపెట్టాడు. సరిహద్దు మీద బతికిన ప్రభువులకు పక్షం మారడం ఎంత మామూలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మరుసటి రోజు పాత పట్టణమూ ఖాళీ అయింది. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం పండుగనాడు రాజు ఊరేగింపుగా లోపలికి వెళ్ళాడు. పెద్ద మసీదును చర్చిగా మార్చి, పండుగ గుర్తుగా దానికి సాంతా మరీయా దె లా పాల్మా, అంటే మట్టల మరియమ్మ, అని పేరు పెట్టారు. అల్ఫోన్సో తన బిరుదుల్లో అల్హెసీరాస్ రాజు అన్న మాట చేర్చుకున్నాడు. స్పెయిన్ రాజు సంప్రదాయ బిరుదుల్లో ఆ మాట నేటికీ ఉంది.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. అల్ఫోన్సో జిబ్రాల్టర్‌ను కూడా పట్టుకోవాలని 1349లో ముట్టడి మొదలుపెట్టాడు. 1350 మార్చిలో శిబిరంలో ప్లేగు సోకి చనిపోయాడు. ఆయన కొడుకుల మధ్య అంతర్యుద్ధం చెలరేగింది. కాస్టీల్ తనలో తాను కొట్టుకుంటున్న 1369లో యూసుఫ్ కొడుకు, గ్రనాడా సుల్తాన్ అయిదవ ముహమ్మద్, అల్హెసీరాస్‌ను తిరిగి పట్టుకున్నాడు. దాన్ని నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు ఎంతో ఆయన కూడా లెక్క వేసుకుని ఉంటాడు. పదేళ్ళు గడిచేసరికి గోడలు కూలగొట్టించి, రేవును పాడుచేయించి, ఊరిని వదిలేశాడు. మూడు తరాల కాస్టీల్ రాజులు డబ్బు పోసిన చోట ముళ్ళకంపలు మొలిచాయి. 1704లో ఇంగ్లిష్, డచ్ సేనలు జిబ్రాల్టర్‌ను పట్టుకున్నప్పుడు అక్కడి నుంచి వచ్చిన కాందిశీకులు ఆ శిథిలాల మధ్య ఇళ్ళు కట్టుకునేదాకా అక్కడ చెప్పుకోదగ్గ ఊరు లేదు. ఇవాళ అది స్పెయిన్‌లోని అతి పెద్ద ఓడరేవుల్లో ఒకటి. ఊరికి పేరిచ్చిన పచ్చని దీవి రేవు కట్టడాల్లో కలిసిపోయింది. బ్లాస్ ఇన్ఫాంతే వీధి పక్కన తవ్వకాల్లో బయటపడిన మరీనిద్ గోడలు, అగడ్త, దాని మీది వంతెన చూడవచ్చు.

ఇక అల్కబాలా సంగతి. ముట్టడి జరిగినంత కాలమే అని రాజు మాట ఇచ్చాడని చెప్పాను. 1345లో దాన్ని పొడిగించారు. 1349లో జిబ్రాల్టర్ ముట్టడి పేరు చెప్పి మళ్ళీ పొడిగించారు. ఆ శతాబ్దం ముగిసేలోగా నూటికి ఐదు నూటికి పదయింది, ఎవరినీ అడగనవసరం లేని రాజాదాయమూ అయింది. అల్హెసీరాస్ గోడలు నేలమట్టమైన నాడు కూడా బుర్గోస్ సంతలో ఉన్ని అమ్మినవాడు, సెవిల్లా బజారులో నూనె అమ్మినవాడు ఆ పన్ను కడుతూనే ఉన్నారు. దాన్ని 1845లో రద్దు చేశారు.